సైపైలోంచి ఒక్క ఫంక్షన్‌ను విడదీసి మన ప్రాజెక్టులో కలుపుకోవడం ఎలా

విజయవాడ మధ్యగా పారే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లాంటి వాటిలో ఇన్ని క్యూసెక్కులు వదిలితే నీళ్లు ఎంత లోతున పారతాయో చెప్పే చిన్న పరికరం చేయాలనుకుందాం. కాలువ ఆకారం, వాలు, గరుకుదనం నుంచి ప్రవాహాన్ని లెక్కగట్టే మానింగ్ సూత్రంలో లోతు తెలిస్తే ప్రవాహం ఒక్క వరుసలో వచ్చేస్తుంది. అదే ప్రవాహం ఇచ్చి లోతు అడిగితే సూత్రాన్ని తిప్పి రాయడం కుదరదు. ఒక అంచనా వేసి, సరిచూసి, మళ్లీ వేసి దగ్గరకు చేరాల్సిందే. పైథాన్‌లో అయితే గణిత లెక్కల లైబ్రరీ సైపైలోని బ్రెంట్‌క్యూ అనే ఫంక్షన్ ఆ పనిని ఒక్క పిలుపుతో చేసిపెడుతుంది. కానీ కాలువ గట్టున పెట్టేది 4 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీ ఉన్న ఈఎస్‌పీ32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. సైపై ఒక్కటే పదుల మెగాబైట్లు ఉంటుంది, దానికి నంపై అనే ఇంకో లైబ్రరీ తోడు కావాలి, ఆ రెండింటికీ పూర్తి పైథాన్ కావాలి. అంత సామాను ఈ బోర్డు మీదకు ఎక్కదు.

బ్రెంట్‌క్యూ అసలు లెక్కంతా ఒక చిన్న సి ఫైల్లో ఉంది. దాన్ని విడదీసి తెచ్చుకోవచ్చు. ఇదే పద్ధతి ఫోన్ యాప్‌కైనా, మరో లైబ్రరీలోని మరో ఫంక్షన్‌కైనా పనికొస్తుంది. ఫైలు కాపీ చేయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ ఫైలు చుట్టూ ఉండి, మనం తేకుండా వదిలేసినది ఏమిటో తెలుసుకోవడానికే అసలు సమయం పడుతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

1. ముందు, విడదీయడం అవసరమా?

మీ ప్రాజెక్టు కంప్యూటర్ మీదో సర్వర్ మీదో నడిచే పైథాన్ ప్రోగ్రామైతే విడదీయకండి. పిప్‌తో సైపై ఇన్‌స్టాల్ చేసి, వెర్షన్ నంబరును రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో కట్టేసుకుంటే పని అయిపోతుంది. బగ్గులు దిద్దే పని వాళ్లే చూసుకుంటారు. ఫైలు తెచ్చుకున్న రోజు నుంచి దాని బాగోగులు మీ మీద పడతాయి. బోర్డులో జాగా లేకపోవడం, అక్కడ పైథానే లేకపోవడం, యాప్ సైజు తగ్గించాల్సి రావడం, ఇలాంటి గట్టి కారణం ఉన్నప్పుడే విడదీయాలి.

సి ప్లస్ ప్లస్‌లో బూస్ట్ వాడేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. కావలసిన భాగాన్ని, అది ఆధారపడే హెడర్లతో సహా ఏరి ఇచ్చే బీసీపీ అనే పనిముట్టు బూస్ట్‌తోనే వస్తుంది. అక్కడ చేత్తో ఏరుకోనక్కర్లేదు.

2. లైసెన్సు చదవండి, ఆ ఫైలుది కూడా

సైపై లైసెన్సు మూడు షరతుల బీఎస్‌డీ. సోర్సు పంచుతుంటే కాపీరైట్ వరుస, షరతులు, బాధ్యత నిరాకరణ అలాగే ఉంచాలి. కంపైల్ చేసిన ఫైలును పంచుతుంటే అదే పాఠాన్ని దానితో పాటు ఇచ్చే డాక్యుమెంటులోనో మరో చోటో చూపాలి. వాళ్ల పేరును మీ సరుకు ప్రచారానికి అనుమతి లేకుండా వాడకూడదు. ఇంతే. మీ సొంత కోడ్‌ను బయటపెట్టమని అది అడగదు.

స్క్రీన్ లేని పరికరం ఇస్తున్నప్పుడు రెండో షరతును చాలామంది మర్చిపోతారు. బోర్డును పెట్టెలో పెట్టి ఇరిగేషన్ ఆఫీసుకు అప్పగించినా అది పంపిణీయే. దానితో ఇచ్చే యూజర్ మాన్యువల్ చివరి పేజీలో లైసెన్సు పాఠం పూర్తిగా అచ్చు వేస్తే షరతు తీరుతుంది. ఫోన్ యాప్‌లో అయితే సెట్టింగ్స్ కింద 'లైసెన్సులు' అని ఒక పేజీ పెట్టండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పెద్ద లైబ్రరీకి పైన ఒక లైసెన్సు ఉన్నా, లోపల వేరే చోట్ల నుంచి తెచ్చి కలిపిన కోడ్‌కు వేరే లైసెన్సులు ఉండొచ్చు. సైపై వాటి జాబితాను లైసెన్సెస్ బండిల్డ్ అనే విడి ఫైల్లో ఇస్తుంది. మీరు తీసుకునే ఫైలు ఆ జాబితాలో ఉందో లేదో చూడండి, ఆ ఫైలు తలమీది వ్యాఖ్య కూడా చదవండి. అక్కడ రాసినవారి పేరు ఉంటే చెరపకండి.

ఇదే పనికి జీఎన్‌యూ సైంటిఫిక్ లైబ్రరీలోనూ బ్రెంట్ పద్ధతి ఉంది. దాని లైసెన్సు జీపీఎల్. దాన్ని కలిపి పరికరాన్ని పంచితే, ఆ మొత్తం ప్రోగ్రామ్ సోర్సును జీపీఎల్ కిందే ఇవ్వాలి. ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు. లేదంటే ఆ లైబ్రరీని ముట్టుకోకండి. ఎంఐటీ అయితే బీఎస్‌డీ లాంటిదే. అపాచీ 2.0 అయితే మీరు మార్చిన ఫైళ్లలో మార్చినట్టు రాయాలి, నోటీస్ ఫైలు ఉంటే అందులోని పాఠాన్నీ వెంట ఇవ్వాలి. ఎంపీఎల్ 2.0 అయితే ఆ లైసెన్సు కింద ఉన్న ఫైళ్ల వరకు, మీ మార్పులతో సహా, సోర్సు అందుబాటులో ఉంచాలి. ఐజెన్ లైబ్రరీది ఈ లైసెన్సే. అసలు లైసెన్సు ఫైలే లేని రిపాజిటరీ కనిపిస్తే, అందరికీ కనిపిస్తోంది కదా అని తీసుకోకండి. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య కృతి కిందే లెక్కేస్తుంది. అనుమతి ఇవ్వలేదంటే హక్కులన్నీ రాసినవాళ్లవే.

వరుస తర్వాత వరుస చూస్తూ సి నుంచి జావాకో కోట్లిన్‌కో మార్చినా అది కొత్త కోడ్ అయిపోదు. పాత లైసెన్సు వెంటే వస్తుంది.

3. ఎక్కడ కోయాలో చూసుకోండి

సైపై సోర్సులో ఆప్టిమైజ్ అనే ఫోల్డరు, దాని లోపల జీరోస్ అనే ఫోల్డరు ఉంటాయి. బైసెక్షన్, రిడర్, బ్రెంట్‌హెచ్, బ్రెంట్‌క్యూ ఒక్కోటి ఒక్కో సి ఫైలు. వాటన్నింటికీ కలిపి జీరోస్.హెచ్ అనే హెడర్. బ్రెంట్‌క్యూ.సి పైన ఇన్‌క్లూడ్ వరుసలు చూస్తే ప్రామాణిక మ్యాథ్ హెడర్, ఈ జీరోస్.హెచ్ మాత్రమే కనిపిస్తాయి. మనకు కావలసింది ఈ రెండు ఫైళ్లే. కోతకు ఇంత అనువైన చోటు దొరకడం అదృష్టమే.

అన్నీ ఇలా ఉండవు. కొలతల్లోని కుదుపులను నునుపు చేసే సైపైలోని శావిట్స్‌కీ-గోలే ఫిల్టర్‌నే తీసుకోండి. అది పైథాన్ ఫైలు. లోపల లీస్ట్ స్క్వేర్స్, ఇమేజ్ విభాగంలోని కాన్వల్యూషన్, అంతర్గత సహాయక ఫంక్షన్లు పిలుస్తుంది. అలాంటప్పుడు ఒక కాగితం మీద పిలుపుల చెట్టు గీయండి. మధ్యలో ఫంక్షన్, దాని కింద అది పిలిచేవి, వాటి కింద అవి పిలిచేవి. మూడో అంతస్తుకు చేరినా కొమ్మలు పెరుగుతూనే ఉంటే కోత మానుకోండి. ఆ ఫిల్టర్ విషయంలో మంచి దారి ఇంకోటి ఉంది: గుణకాలను కంప్యూటర్ మీద సైపైతోనే ఒకసారి లెక్కగట్టి, ఆ అంకెల పట్టికను మాత్రం బోర్డులో పెట్టుకోవడం. 11 బిందువుల కిటికీకి 11 అంకెలు చాలు.

4. చరిత్ర పోకుండా తెచ్చుకోవడం

మెయిన్ శాఖలో ఈ రోజు ఏది ఉంటే అది తీసుకోకండి. విడుదలైన ఒక వెర్షన్ ట్యాగ్ ఎంచుకోండి. రిపాజిటరీ మొత్తం దించుకోకుండా, పార్షియల్ క్లోన్‌కు తోడు గిట్ స్పార్స్ చెకౌట్ వాడి ఆ ఒక్క ఫోల్డరే తెచ్చుకోవచ్చు. స్పార్స్ చెకౌట్ కమాండ్ గిట్ 2.25 నుంచి ఉంది.

మీ ప్రాజెక్టులో 'థర్డ్ పార్టీ' అని ఫోల్డరు చేసి, అందులో సైపై పేరిట ఇంకోటి చేసి, రెండు ఫైళ్లనూ, లైసెన్సు ఫైలునూ పెట్టండి. అక్షరం కూడా మార్చకుండా మొదటి కమిట్ చేయండి. ఖాళీలు సర్దడం, ఫార్మాటర్ నడపడం కూడా వద్దు. మార్పులన్నీ రెండో కమిట్ నుంచి. ఇలా చేస్తే రేపు సైపైలో ఆ ఫైలు మారినప్పుడు, వాళ్ల తేడా ఏది, మీ తేడా ఏది అని ఒక్క డిఫ్‌తో తేలిపోతుంది. రెండూ ఒకే కమిట్‌లో కలిపేస్తే ఆరు నెలల తర్వాత ఎవరి మార్పు ఏదో మీకే తెలియదు.

ఆ ఫోల్డరులోనే చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి ఇవి రాయండి: రిపాజిటరీ చిరునామా, ట్యాగ్, 40 అక్షరాల కమిట్ గుర్తు, తెచ్చిన తేదీ, తెచ్చిన ఫైళ్లు, మీరు చేసిన ప్రతి మార్పూ, దాని కారణం.

5. కంపైల్ అయ్యేలా చేయడం

ముందు మామూలు కంప్యూటర్ మీదే, హెచ్చరికలన్నీ ఆన్ చేసి, సి99 ప్రమాణంతో కంపైల్ చేయండి. ఆ తర్వాతే బోర్డు. బోర్డు మీద సాధారణంగా మూడు ఇబ్బందులు వస్తాయి.

'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని లింకర్ ఆగిపోతే కారణం ఇది: ఆర్డునో స్కెచ్ (బోర్డు మీద నడిచే మన ప్రోగ్రామ్) సి ప్లస్ ప్లస్‌గా కంపైల్ అవుతుంది, బ్రెంట్‌క్యూ ఫైలు సిగా అవుతుంది, పేర్లు కలవవు. స్కెచ్‌లో హెడర్‌ను ఎక్స్‌టర్న్ సి బ్లాకు లోపల చేర్చండి.

రెండోది మిన్ అనే మాక్రో. బ్రెంట్‌క్యూ.సిలో ఆ పేరుతో ఒకటి ఉంది, చాలా ప్లాట్‌ఫారాల సిస్టమ్ హెడర్లలోనూ అదే పేరు ఉంటుంది. రీడిఫైన్ హెచ్చరిక వస్తే మన ఫైల్లోని పేరు మార్చండి.

మూడోది ఫంక్షన్ పేరే. రేపు మీ యాప్ ఇంకో లైబ్రరీని కలుపుకుంటే, అందులోనూ బ్రెంట్‌క్యూ అనే గ్లోబల్ పేరు ఉంటే గొడవ. ముందే మీ ప్రాజెక్టు పేరును దాని ముందు తగిలించి ఉంచుకోవడం మంచిది.

ఇక పిలిచే తీరు. బ్రెంట్‌క్యూ మీ నుంచి ఒక ఫంక్షన్, రెండు హద్దులు అడుగుతుంది, ఆ హద్దుల మధ్య ఫంక్షన్ విలువ సున్నా అయ్యే చోటు వెతుకుతుంది. ఆ ఫంక్షన్‌కు ఒక డబుల్ సంఖ్య, ఒక వాయిడ్ పాయింటర్ అందుతాయి, ఆ సంఖ్యను లోతుగా తీసుకుని, దానికి వచ్చే ప్రవాహానికీ మీరిచ్చిన ప్రవాహానికీ తేడాను అది డబుల్‌గా తిరిగి ఇవ్వాలి. ప్రవాహం, అడుగు వెడల్పు, సైడ్ స్లోపు, మానింగ్ గుణకం (కాలువ గరుకుదనాన్ని చెప్పే అంకె), వాలు ఈ అయిదింటినీ ఒక స్ట్రక్ట్‌లో పెట్టి ఆ పాయింటర్ ద్వారా పంపండి. గ్లోబల్ వేరియబుల్స్ పెడితే రెండు కాలువల లెక్క ఒకేసారి చేయాల్సి వచ్చినప్పుడు ఒకదాని అంకెలు ఇంకోదానిలో కలిసిపోతాయి.

6. వదిలేసిన తొడుగుతో పాటు పోయిన కాపలా

ఇక్కడ నిదానంగా చదవండి. పైథాన్‌లో బ్రెంట్‌క్యూను పిలిచినప్పుడు మీ పిలుపు నేరుగా ఈ సి ఫైలుకు వెళ్లదు. మధ్యలో ఒక తొడుగు ఉంటుంది. ఎక్స్‌టాల్ అంటే జవాబులో ఎంత తేడాను ఒప్పుకుంటామో చెప్పే అంకె, అది సున్నాగానో అంతకంటే తక్కువగానో ఉంటే ఆపేది ఆ తొడుగే. ఆ తేడానే జవాబులో వంతుగా చెప్పే ఆర్‌టాల్ మరీ చిన్నదైతే ఎర్రర్ ఇచ్చేది అదే. రెండు చివర్లలో ఫంక్షన్ విలువల గుర్తులు (ప్లస్, మైనస్) ఒకటే అయినప్పుడు 'గుర్తులు వేరుగా ఉండాలి' అని అరిచేదీ అదే. మనం తెచ్చింది తొడుగు లేని ఫైలు. ఆ అరుపులేవీ ఇప్పుడు వినిపించవు.

గుర్తులు ఒకటే అయితే సి ఫైలు ఏం చేస్తుందో చూడండి. లెక్క ఎలా ముగిసిందో రాయడానికి మనం ఇచ్చే మరో స్ట్రక్ట్‌లోని ఎర్రర్ నంబరులో మైనస్ 1 రాసి, సున్నా తిరిగి ఇస్తుంది. మీరు ఎర్రర్ నంబరు చూడకపోతే ఆ సున్నానే లోతు అనుకుంటారు. ఎగువన ప్రవాహం పెరిగి, మీరు పెట్టిన గరిష్ఠ లోతు దాటిపోయిన రోజున జరిగేది ఇదే: కాలువ నిండుగా పారుతుంటే డిస్‌ప్లే మీద 0.00 మీటర్లు. గేటు దగ్గరున్న లస్కర్‌కు అంతకంటే ప్రమాదమైన అంకె ఉండదు. నిర్ణీత సంఖ్యలో ప్రయత్నాలు అయిపోయినా జవాబు తేలకపోతే ఎర్రర్ నంబరు మైనస్ 2 అవుతుంది. అప్పుడు తిరిగొచ్చేది ఆఖరి అంచనా, చూడ్డానికి నమ్మదగిన లోతులాగే ఉంటుంది.

కాబట్టి మీ సొంత తొడుగు ఒకటి రాసుకోండి. బయటివాళ్లు దాన్నే పిలవాలి, బ్రెంట్‌క్యూను నేరుగా పిలవకూడదు. అందులో ఉండాల్సినవి: ఎక్స్‌టాల్ సున్నా కంటే ఎక్కువగా ఉండాలి, ప్రవాహం, గుణకం, వాలు ధనాత్మకంగా ఉండాలి, కింది హద్దు సున్నాకు తగ్గకూడదు, రెండు చివర్ల విలువలూ నిజమైన సంఖ్యలై ఉండాలి, తిరిగొచ్చాక ఎర్రర్ నంబరు సున్నా కాకపోతే లోతు బదులు 'లెక్క తేలలేదు' అని చూపాలి.

'నిజమైన సంఖ్య' అనే తనిఖీ ఎందుకంటే, లోతు రుణాత్మకమైతే హైడ్రాలిక్ వ్యాసార్థం (అడ్డుకోత వైశాల్యాన్ని తడి చుట్టుకొలతతో భాగిస్తే వచ్చేది) కూడా రుణాత్మకం కావచ్చు. దాన్ని మూడింట రెండో ఘాతానికి పెంచితే వచ్చేది సంఖ్యే కాదు, అంటే నాన్. నాన్‌ను దేనితో చిన్నదా పెద్దదా అని పోల్చినా జవాబు 'కాదు' అనే వస్తుంది. గుర్తుల తనిఖీ దాన్ని పట్టుకుంటుందన్న భరోసా లేదు. కంపైలర్‌కు ఫాస్ట్ మ్యాథ్ ఆప్షన్ ఇచ్చి ఉంటే నాన్ తనిఖీనే కంపైలర్ ఎత్తేయగలదు. ఈ ఫైళ్లకు ఆ ఆప్షన్ పెట్టకండి.

7. డబుల్ అని రాసి ఉన్నంత మాత్రాన డబుల్ కాదు

సైపైలో ఎక్స్‌టాల్ డిఫాల్టు 2 × 10⁻¹². ఆర్‌టాల్ సుమారు 8.88 × 10⁻¹⁶. రెండూ 64 బిట్ల డబుల్‌కు సరిపోయేవి. ఈఎస్‌పీ32లో హార్డ్‌వేర్ దశాంశ గణితం 32 బిట్లకే. డబుల్‌ను సాఫ్ట్‌వేర్‌తో లెక్కిస్తుంది, నెమ్మదే అయినా జవాబు సరిగ్గానే వస్తుంది. ఆర్డునో ఊనోలో, ఆర్3 వరకు వచ్చిన వాటిలో, అలా కాదు. అక్కడ డబుల్ అని రాసినా వచ్చేది 4 బైట్ల ఫ్లోటే. బోర్డు మార్చినా, వేగం కోసమని ఎవరైనా డబుల్‌ను ఫ్లోట్ చేసినా, ఆ డిఫాల్టులతో ఇలా అవుతుంది:

2కు 4కు మధ్య, పక్కపక్కనే ఉన్న రెండు ఫ్లోట్ సంఖ్యల దూరం సుమారు 2.4 × 10⁻⁷. లోతు 2 మీటర్ల దగ్గర ఉంటే, హద్దులు అంతకంటే దగ్గరకు రావడం అసాధ్యం. ప్రోగ్రామ్ అడిగేదేమో 10⁻¹² దగ్గర. అదృష్టం కొద్దీ ఫంక్షన్ విలువ కచ్చితంగా సున్నా అయితే తప్ప, కదలని అంచనాతో 100 ప్రయత్నాలూ తిరిగి మైనస్ 2తో ఆగుతుంది. ఫ్లోట్ బోర్డుకు ఎక్స్‌టాల్ 0.0001, ఆర్‌టాల్ 4.8 × 10⁻⁷ పెట్టండి. మీటరులో పదివేలవ వంతు అంటే మిల్లీమీటరులో పదో వంతు. కాలువకు అది ఎక్కువే.

ఎంత ఎక్కువో కింది లెక్కలో తెలుస్తుంది.

8. పరీక్ష: చేత్తో సరిచూసిన అంకెతో

సులువైనవి ముందు. x² − 2ను 1, 2 మధ్య ఇస్తే 1.41421356 రావాలి. కొసైన్ x − xను 0, 1 మధ్య ఇస్తే 0.73908513 రావాలి. x² − 1ను 1, 3 మధ్య ఇస్తే చివరలోనే మూలం ఉంది కాబట్టి వెంటనే 1 రావాలి. x² + 1ను −1, 1 మధ్య ఇస్తే ఎర్రర్ రావాలి. ఈ నాలుగోదే మీ కాపలాకు పరీక్ష, దాన్ని వదలొద్దు.

ఇప్పుడు కాలువ. ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న కొలతలు: అడుగు వెడల్పు 10 మీటర్లు, సైడ్ స్లోపు 1.5కు 1, మానింగ్ గుణకం 0.025, అడుగు వాలు 5000కు 1, ప్రవాహం సెకనుకు 20 ఘనపు మీటర్లు. హద్దులు 0.01, 5 మీటర్లు. జవాబు 2.037 మీటర్లు రావాలి. ఆ లోతుకు అడ్డుకోత వైశాల్యం 26.59 చదరపు మీటర్లు, తడి చుట్టుకొలత 17.34 మీటర్లు. వీటిని మానింగ్ సూత్రంలో పెడితే 20 మళ్లీ రావాలి. ఇదే లెక్కను కంప్యూటర్ మీద అసలు సైపైతోనూ చేసి, మీ బోర్డు ఇచ్చిన దానితో పోల్చండి.

గుణకాన్ని 0.025 నుంచి 0.030కి మార్చి మళ్లీ నడపండి. లోతు సుమారు 2.26 మీటర్లు అవుతుంది. గుర్రపుడెక్క పట్టి, పూడిక తీయని కాలువలో గుణకం అలా పెరగడం మామూలే. అంటే గుణకం అంచనాలో చిన్న తేడాకే జవాబు 22 సెంటీమీటర్లు జరిగింది. దశాంశ స్థానాల మీద పెట్టే శ్రమను గుణకం సరిగా ఎంచుకోవడం మీద పెట్టండి.

యూనిట్ల సంగతి మరవొద్దు. ఇరిగేషన్ వాళ్ల నోట వచ్చేది క్యూసెక్కులు, అడుగులు. ఒక క్యూసెక్కు సెకనుకు 0.0283168 ఘనపు మీటర్లు, పై ప్రవాహం సుమారు 706 క్యూసెక్కులు, లోతు 6.68 అడుగులు. అడుగుల్లోనే లెక్క చేయదలిస్తే మానింగ్ సూత్రం ముందు 1.486 గుణించాలి. అది మర్చిపోతే బ్రెంట్‌క్యూ ఏ ఎర్రరూ ఇవ్వదు, తప్పు సూత్రానికి కచ్చితమైన జవాబు ఇస్తుంది. మార్పిడి మొత్తం మీ తొడుగులోనే జరగాలి, లోపలంతా మీటర్లే ఉండాలి.

9. ఆ తర్వాత

కొత్త సైపై విడుదల వచ్చినప్పుడల్లా ఆ రెండు ఫైళ్ల చరిత్ర ఒకసారి చూడండి. మారకపోతే టెక్స్ట్ ఫైల్లో 'చూశాం, మార్పు లేదు' అని తేదీ వేయండి. మారితే, ఆ తేడాను ముందు మారని కాపీ మీద పెట్టి, దాని మీద మీ మార్పులు మళ్లీ వేసి, పై పరీక్షలన్నీ నడపండి.

మీకే బగ్గు దొరికితే ముందు అసలు సైపైలోనూ అది వస్తుందో చూడండి. వస్తే, దాన్ని తిరిగి తెప్పించే అతి చిన్న ఉదాహరణతో సైపై వాళ్లకు ఇష్యూ రాయండి. దిద్దుబాటు మీ కాపీలోనే ఉంచుకుంటే ప్రతి విడుదలకూ దాన్ని మోసుకు తిరగాలి, వాళ్లు తీసుకుంటే మీకు ఆ బరువు తగ్గుతుంది.

గుంటూరులోనో విజయవాడలోనో ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టుగా దీన్ని సమర్పిస్తుంటే, రిపోర్టులో వెర్షన్ నంబరు, తెచ్చిన ఫైళ్ల పేర్లు, మీరు మార్చినవి ఒక పేరాలో రాయండి. సైపై మీద 2020లో నేచర్ మెథడ్స్ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని, పద్ధతికి 1973లో దాన్ని ప్రచురించిన రిచర్డ్ బ్రెంట్ పేరును ఉదహరించండి. ఏది తెచ్చారో, ఏది మీరు రాశారో విడిగా కనిపిస్తే, వైవాలో ఆ తొడుగు గురించే అడుగుతారు. మీరు చెప్పగలిగేదీ దాని గురించే.